ఉపగ్రహములు - నావికుని పటము

పూర్వము నడిసముద్రమున ఊగిసలాడు తెరచాప పడవపైనుండి సెక్స్టంటు అను కోణమాపకముతో సూర్యుని ఎత్తును కొలిచి, రెండుమైళ్ల తేడాలో తన స్థానమును నిర్ణయించుటయే నేర్పుగా ఎంచబడెడిది.

జి.పి.ఎస్. మొదటి ఉపగ్రహమును అమెరికా 1978లో ప్రయోగించినది. ఉపగ్రహసంకేతము వచ్చి చేరుటకు పట్టిన కాలమునుబట్టి దూరము లెక్కింపబడును. ఆ కాలము సెకనులో కోటివంతు తప్పినను దూరము 30 మీటర్లు తప్పును. పౌరులకిచ్చిన సంకేతమున బుద్ధిపూర్వకముగా కల్పించిన దోషమువలన స్థానమున సుమారు 100 మీటర్ల తేడా ఉండెడిది. 2000 మే నెలలో ఆ దోషము తొలగింపబడగా, తేడా సుమారు 10 మీటర్లకు తగ్గినది.

అయినను పటములన్నియు మారలేదు. 19వ శతాబ్ది కొలతలతో గీసిన పసిఫిక్ పటములు కొన్నింటిలో దీవులు నిజస్థానమునకు మైలు దూరమున చూపబడినవి. యంత్రము తప్పదు, పటములోని పగడపుదిబ్బయే తప్పుచోట నుండును. కనుకనే వివేకియగు నావికుడు తీరము సమీపించినపుడు కన్నులతోను, నీటిలోతు కొలతతోను సరిచూచుకొనును.