పడవ వదిలినవాళ్లు

మా నల్గొండ, పాలమూరు ఆడవాళ్లకి సముద్రం తెలియకపోవచ్చుగాని, గాలిదుమారం తెలియదని ఎవరూ అనలేరు. రోహిణికార్తెలో పొద్దుటినుంచీ ఆకు కదలదు. మధ్యాహ్నం దాటాక ఒక మూల నల్లగా కమ్ముకుంటుంది. ముందు చల్లటి గాలి ఒక్క విసురు, వెనక దుమ్ము, ఆ తర్వాతే చినుకు. డాబామీద ఎండబోసిన మిరపకాయలు సగం ఎత్తేలోగా మిగతా సగం పక్కింటికి చేరతాయి! మబ్బులో వానతోపాటు చల్లబడి బరువెక్కిన గాలి దబ్బున కిందికి దిగి, నేలమీద నలుదిక్కులా పరుగెత్తడమే ఈ దుమారం.

అదే గాలి తెరచాప ఎత్తిన పడవకి తగిలితే? మా కృష్ణలో తిరిగే పుట్టికి చాప ఉండదు. ఆ వినోదం చూడాలంటే హుస్సేన్‌సాగర్‌కి పోవాలి. కుతుబ్‌షాహీల కాలంనాటి ఆ చెరువులో వానాకాలంలో తెరచాప పడవల పందాలు జరుగుతాయి. చిన్నపిల్లలు కూడా ఒక్కొక్కరే పడవ నడుపుతారు. గాలి విసిరినప్పుడు చాప తాడు వదులు చెయ్యాలి. చాప రెపరెపలాడి గాలి జారిపోతుంది. భయపడి తాడు బిగించారా, బోల్తాయే. అయినా పడవ మునగదు. అడుగున నిలువుగా దిగిన పలకమీద ఎక్కి వెనక్కి వాలితే మళ్లీ లేస్తుంది. ఇలాంటి పడవలు నేర్పేవాళ్లు మొదట్లోనే కావాలని బోల్తా కొట్టిస్తారు. పడవని వదిలి ఒడ్డుకి ఈదొద్దని మరీ మరీ చెబుతారు.

చెరువులో పిల్లలకి చెప్పే ఈ మాట నడిసముద్రంలో పెద్దవాళ్లకి ఎంత కష్టమైందో 1979లో లోకం చూసింది. ఆ ఆగస్టు 11న ఇంగ్లండులోని కౌస్ నుంచి 303 పడవలు ఫాస్ట్‌నెట్ పందానికి బయలుదేరాయి. ఐర్లండు దక్షిణాన ఉన్న ఫాస్ట్‌నెట్ రాతిని చుట్టి ప్లిమత్ చేరాలి, దాదాపు 600 మైళ్లు. బ్రిటన్ మాజీ ప్రధాని ఎడ్వర్డ్ హీత్ కూడా పందెంలో ఉన్నాడు. బయలుదేరేనాటి వాతావరణ సూచనలో అంత భయపడాల్సిందేమీ లేదు. 13వ తేదీ రాత్రి తుపాను వచ్చిపడింది. మా దుమారం గంటలో పోతుంది, ఇది తెల్లవారినా వదల్లేదు. మేడంత అలలు పడవల్ని పక్కకి పడగొట్టాయి, కొన్నింటిని తలకిందులు చేశాయి. పందెం పూర్తిచేసినవి 85. పోయిన నావికులు 15 మంది.

నన్ను కుదిపింది మరో లెక్క. ఆ రాత్రి 24 పడవల్ని వదిలేసి పోతే, మునిగినవి అయిదే. తక్కినవి ఖాళీగా తేలుతూ దొరికాయి. రబ్బరు తెప్పల్లోకి దిగబోయి, దిగి, ఏడుగురు చనిపోయారు. వాళ్లు వదిలిన పడవలు మాత్రం ఒడ్డు చేరాయి! తెప్పల వల్ల బతికినవాళ్లూ ఉన్నారు, అబద్ధమాడకూడదు. చీకట్లో, మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డవాళ్లకి ఏది గట్టిదో ఎలా తెలుస్తుంది? కుర్చీలో కూచుని రాస్తున్న నాకు వాళ్లని తప్పుపట్టడానికి నోరు రాదు.

గ్రిమాల్కిన్ అనే పడవలో ఆరుగురున్నారు. అది తలకిందులై మళ్లీ లేచింది. యజమాని అలల్లో కొట్టుకుపోయాడు. కదలని ఇద్దరిని చనిపోయారనుకుని, మిగతా ముగ్గురు తెప్పలోకి దిగారు. హెలికాప్టరు వాళ్లని కాపాడింది. కాని ఆ ఇద్దరూ అప్పటికి బతికే ఉన్నారు. నిక్ వార్డ్ అనే యువకుడు తెలివొచ్చి, రెండో ఆయన్ని నీళ్లలోంచి పైకి లాగాడు. ఆయన కాసేపటికే కన్నుమూశాడు. ఆ శవాన్ని పక్కన పెట్టుకుని నిక్ పగలంతా ఒంటరిగా బకెట్టుతో నీళ్లు తోడుతూనే ఉన్నాడు. సాయంత్రానికి గాని హెలికాప్టరు రాలేదు. ఈ కథ పుస్తకంగా రాయడానికి అతనికి 2007 దాకా పట్టింది.

అందరూ వదిలేసిన గ్రిమాల్కిన్‌ని తర్వాత ఒడ్డుకి లాక్కొచ్చి, బాగుచేసి, మళ్లీ నీళ్లలోకి దింపారు.