దెబ్బకు లొంగే నట్టు: ఇంపాక్ట్ రెంచి పుట్టుపూర్వోత్తరాలు

కోల్‌కతాలో హుగ్లీ మీద కట్టిన హౌరా వంతెనను 1943 ఫిబ్రవరిలో జనానికి తెరిచారు. అందులో దాదాపు 26,500 టన్నుల ఉక్కు ఉంది. అంత ఉక్కునూ కలిపి పట్టుకున్నవి రివెట్లే, నట్లూ బోల్టులూ కావు. ఎర్రగా కాలిన రివెట్‌ను ఒకరు అందించాలి, ఒకరు రంధ్రంలో దూర్చి అదిమిపట్టాలి, ఇంకొకరు తల సాగగొట్టాలి. పక్కన కొలిమి మండుతూనే ఉండాలి. ఆ రోజుల్లో బోల్టు మీద ఇంజనీర్లకు అంత గురి కుదరలేదు. చేత్తో బిగించిన నట్టు అదురుకు వదులవుతుందని వాళ్ల భయం.

ఆ భయం తీర్చడానికి అక్కరకొచ్చిన పనిముట్టు అప్పటికే అమెరికాలో పుట్టింది. ఇండియానా రాష్ట్రం ఇవాన్స్‌విల్‌కు చెందిన రాబర్ట్ పాట్ 1930ల్లో ఇంపాక్ట్ రెంచిని కనిపెట్టాడు. అందులోని కిటుకు వివరంగా చెప్పుకోదగ్గది. మామూలు పానాతో నట్టును ఎంత గట్టిగా తిప్పితే అది మన చేతిని అంత గట్టిగానూ వెనక్కి తోస్తుంది. ఇంపాక్ట్ రెంచిలో మోటారు నట్టును నేరుగా తిప్పదు. లోపలున్న బరువైన ఉక్కు సుత్తిని తిప్పుతుంది. నట్టు మొరాయించగానే సుత్తి పట్టు వదిలి, కాస్త దూరం ఖాళీగా తిరిగి, వేగం పుంజుకుని, నట్టును పట్టుకున్న దాగలిని పక్కనుంచి ఢీకొడుతుంది. నిమిషానికి రెండు మూడు వేల దెబ్బలు. ఒక్కో దెబ్బ క్షణంలో వెయ్యో వంతులో ముగిసిపోతుంది కాబట్టి ఆ బలం చేతికి పెద్దగా తగలదు. బిగుసుకున్న సీసా మూతను చుట్టూ తట్టి వదులు చేసే ఇల్లాలి పద్ధతే ఇది. తుప్పు పట్టు ఆ అదురుకే విడిపోతుంది.

1951లో అమెరికాలో గట్టి ఉక్కు బోల్టులతో వంతెనలూ భవనాలూ కట్టడానికి తొలి ప్రమాణాలు వెలువడ్డాయి. ఆ తర్వాత కొలిమి అక్కర్లేకుండా ఇద్దరు మనుషులు ఇంపాక్ట్ రెంచితో బోల్టులు బిగించుకుంటూ పోయారు. రివెట్ల కాలం క్రమంగా వెనకబడింది.

కోల్‌కతా మోటారు లోకం దగ్గరికి వస్తే, పక్కనే ఉన్న ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ కార్ఖానా 1950ల చివర మొదలుపెట్టి 2014 దాకా అంబాసిడర్ కార్లు చేసింది. ఆ కార్ల చుట్టూ మల్లిక్ బజార్‌లో పాత సామాన్ల దుకాణాలు, గణేశ్ చంద్ర అవెన్యూలో విడిభాగాల కొట్లు అల్లుకున్నాయి. పెద్ద మరమ్మతు షెడ్లకు గాలి కంప్రెసర్‌తో నడిచే ఇంపాక్ట్ రెంచీలు వచ్చాయి. ఇంట్లో కారు చూసుకునేవాడికి మాత్రం పానా, దాని పిడికి తొడిగిన ఇనుప గొట్టం, ఒంటి బరువు, ఇవే దిక్కు. కంప్రెసర్‌కు చోటు కావాలి, అది చేసే రొదకు ఇరుగుపొరుగు ఊరుకోవాలి.

ఇంటివాడికి దారి చూపింది బ్యాటరీ. 1961లో బ్లాక్ అండ్ డెక్కర్ తీగ లేని డ్రిల్ తెచ్చింది. అదే సంస్థ అమెరికా జెమినీ అంతరిక్ష యాత్రల కోసం, బోల్టు తిప్పితే వ్యోమగామి తిరగకుండా ఉండే రెంచిని తయారుచేసింది. అప్పటి నికెల్ కాడ్మియం బ్యాటరీకి పెద్ద లోపం ఒకటుంది. వాడకుండా నెలల తరబడి పక్కన పెడితే చార్జి తనంతట తనే కారిపోతుంది. ఆరు నెలలకోసారి టైరు విప్పే మనిషికి అది ఎందుకు పనికొస్తుంది? 1991లో సోనీ అమ్మకానికి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ 2005 ప్రాంతంలో పనిముట్లలోకి చేరాక ఆ చిక్కు తీరింది. అసలు మలుపు ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఇక కొనడం. కోల్‌కతా చాందినీ చౌక్‌లోనో నేతాజీ సుభాష్ రోడ్డులోనో అడిగితే ముందు వోల్టుల లెక్కే చెబుతారు. ఒక్కో లిథియం సెల్లు 3.6 వోల్టులు, ఐదు కలిపితే 18. నిండా చార్జి చేసినప్పుడు సెల్లుకు 4.2 చొప్పున 21. అంటే 18, 20, 21 అని రాసినవన్నీ ఒకే తరగతి. అదే ఐదు సెల్లుల వరస మీద 88, 128 అని అచ్చేసి ఉంటే అది పేరే గానీ వోల్టేజి కాదు. ఆ అంకె చూసి డబ్బు పెట్టకండి.

చూడాల్సింది టార్కు, అంటే తిప్పే బలం. చిన్న కారు చక్రపు నట్టును బిగించేది సుమారు 100 న్యూటన్ మీటర్లతో. కోల్‌కతా వానాకాలపు నిలవ నీళ్లలో తిరిగి తుప్పుపట్టిన నట్టు అంతకు రెండు మూడింతలు అడుగుతుంది. అందుకే అర అంగుళం చతురస్రపు మొన, 300 నుంచి 400 న్యూటన్ మీటర్ల బలం ఉన్న యంత్రం ఇంటికి చాలు. వెయ్యి ఉన్నది లారీలకు. చిన్న కారులో నట్టు ఎక్కే స్టడ్డును అది విరిచేయగలదు. బ్రష్‌లెస్ మోటారైతే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. మెరిసే క్రోము సాకెట్లు ఈ దెబ్బలకు పగిలి ముక్కలు ఎగురుతాయి. నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి, కంటికి అద్దాలు, చెవికి అడ్డం తప్పనిసరి. బ్యాటరీని ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేయకుండా సగం చార్జితో ఇంట్లో నీడపట్టున ఉంచండి.

విప్పడానికి ఈ రెంచికి సాటి లేదు. బిగించేటప్పుడు మాత్రం నట్లను చేత్తో నాలుగు చుట్లు ఎక్కించి, ఆఖరి బిగింపును టార్క్ రెంచితో, కారు పుస్తకంలో రాసిన అంకెకే ఆపండి. బడ్జెట్‌లో ఆ రెండో పనిముట్టుకు కూడా డబ్బు మిగిలేలా మొదటిది ఎంచుకోండి.