మన హాల్లో ఉన్న దొరల పొయ్యి కథ



వచ్చే ఆదివారం మీటింగులో రీడింగ్ రూము మరమ్మతుల సంగతి తేల్చాలని కమిటీవారు గ్రూపులో పెట్టారు. అందులో నాలుగో అంశం ఫైర్‌ప్లేస్. దాన్ని లోపలి నుంచి కాంక్రీటుతో నింపేసి, ముందు నల్ల గ్రానైట్ అతికించి, మధ్యలో మంటలాగా మెరిసే ఎల్‌ఈడీ పెట్టి, పైన టీవీ తగిలించాలని కొటేషన్ వచ్చింది. చాలామంది బొటనవేలు గుర్తు పెట్టారు. నేను ఇంకా పెట్టలేదు. ఎందుకో చెప్తాను. కాస్త పొడుగవుతుంది, నా పోస్టులు అలవాటైనవాళ్ళకి అది కొత్త కాదు.

ముందే ఒక మాట. నేను చదివింది జోలార్‌పేటలో, తమిళ మీడియం. తెలుగు మాట అమ్మమ్మ దగ్గర వచ్చింది, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి. ఈ ఫైర్‌ప్లేస్‌ని తమిళంలో ‘కణప్పు’ అంటారు. తెలుగులో మనకి కుంపటి ఉంది, నెగడు ఉంది, చలిమంట ఉంది. గోడలో మంట పెట్టి పొగని పైకప్పు దాటించే ఏర్పాటు మన ఇళ్ళల్లో లేదు, అందుకే దానికి ఇంటి మాట కూడా లేదు. అమ్మమ్మ మాత్రం ‘దొరల పొయ్యి’ అనేది. నేనూ అదే అంటాను.

ఈ పొయ్యి బెంగళూరుకి ఎందుకొచ్చింది? టిప్పు పడిపోయాక ఇంగ్లీషు పటాలాలు శ్రీరంగపట్నంలో ఉండేవి. అక్కడ జ్వరాలు తట్టుకోలేక 1809లో బెంగళూరుకి మారి కంటోన్మెంట్ కట్టుకున్నారు. మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 3000 అడుగుల ఎత్తు. మద్రాసు ఎండలో ఉడికినవాళ్ళకి ఇది స్వర్గం. 1864లో జోలార్‌పేట నుంచి కంటోన్మెంట్‌కి రైలు వచ్చాక ఆఫీసర్లూ, పెన్షన్ తీసుకున్నవాళ్ళూ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలూ ఇక్కడికి చేరడం సులువైంది. కిటికీల మీద కోసుగా చెక్క జాలీ గొడుగులు, ‘మంకీ టాప్’ అంటారే, అవీ పెంకుల కప్పులూ ఉన్న బంగళాలు ఆ కాలంలో వచ్చినవే. వాటిలో చాలా వాటికి హాల్లో ఒక దొరల పొయ్యి, కప్పు మీద చదరపు పొగగూడు.

మరి ఇక్కడ అంత చలి ఉందా? బెంగళూరులో ఇంతవరకు రికార్డయిన అతి తక్కువ చలి 7.8 డిగ్రీలు, 1884 జనవరి 13న. అది ఒక్క రోజు మాట. మామూలుగా డిసెంబరు, జనవరి రాత్రుల్లో 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. మనం స్వెట్టర్ వేసుకుని మఫ్లర్ చుట్టుకుంటే సరిపోతుంది. నా లెక్క ప్రకారం ఏడాదిలో ఓ రెండు నెలల సాయంత్రాలు, వానాకాలంలో ముసురు పట్టిన కొన్ని రోజులు పొయ్యి వెలిగి ఉంటుంది. మిగతా పది నెలలూ అది ఉత్త అలంకారం. పైన పలక మీద గడియారం, ఫోటోలు, ఇత్తడి సామాను. చలికంటే సొంత ఊరి మీద బెంగతోనే ఎక్కువగా కట్టుకున్నారని నా అభిప్రాయం. మనవాళ్ళు పరాయి దేశం వెళ్ళి అపార్టుమెంటు బాల్కనీలో తులసికోట పెట్టుకోవడం లేదూ?

ఇంకో సంగతి. ఈ పొయ్యి వేడి ఇచ్చే విషయంలో మహా దండగమారి. మంట వేడిలో ఎక్కువ భాగం పొగతో పాటు ఆకాశంలోకి పోతుంది. పైగా గదిలో ఉన్న వెచ్చటి గాలిని కూడా లాక్కుపోతుంది. ముందు కూర్చున్నవాళ్ళకి మోకాళ్ళు కాలతాయి, వీపు చల్లగా ఉంటుంది. దీన్ని బాగుచేసినవాడు కౌంట్ రమ్‌ఫోర్డ్, అమెరికాలో పుట్టిన బెంజమిన్ థామ్సన్. 1796 ప్రాంతంలో లండన్‌లో పొయ్యి లోతు తగ్గించి, రెండు పక్క గోడల్ని ఏటవాలుగా తెరిచి, పొగ లోపలికి వెళ్ళే గొంతుని బాగా ఇరుకు చేశాడు. ఏటవాలు గోడలు వేడిని గదిలోకి తిప్పి కొడతాయి, ఇరుకు గొంతు పొగని గట్టిగా లాగుతుంది. నిన్న టార్చి పట్టుకుని మన హాలు పొయ్యిలోకి దూరి చూశాను. పక్క గోడలు ఏటవాలుగానే ఉన్నాయి, గొంతు నా జానెడు కూడా లేదు. కట్టిన మేస్త్రీ ఎవరో గాని పని తెలిసినవాడు. కమిటీవారు కాంక్రీటుతో నింపుదామంటున్నది ఈ గొంతునే.

మా నాన్న జోలార్‌పేట షెడ్డులో ఫైర్‌మన్. ఆవిరి ఇంజనుకి పొగగొట్టం కింద వాడేసిన ఆవిరిని జెట్‌లా ఊదుతారు, దాంతో మంట దానంతటదే గాలి పీలుస్తుంది. ఇంటి పొయ్యికి ఆ సాయం లేదు. వేడి గాలి పైకి పోతుందన్న ఒక్క సూత్రం మీద, పొగగూడు ఎత్తు మీద, గొంతు కొలత మీద ఆధారపడి నడుస్తుంది. కొలత తప్పితే పొగంతా హాల్లోకే.

ఇప్పుడు అమ్మమ్మ సంగతి. స్వాతంత్ర్యానికి ముందు ఆవిడ కంటోన్మెంట్‌లో ఒక రైల్వే దొర బంగళాలో పనిచేసేది. చలికాలం తెల్లవారక ముందే వెళ్ళి నిన్నటి బూడిద ఎత్తాలి, ఇటుకల మసి గీకాలి, ముందున్న ఇత్తడి కంచె తోమాలి, సాయంత్రానికి సవుక్కు కట్టెలు పేర్చి పెట్టాలి. సవుక్కు అంటే తెలుగులో సరుగుడు అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అంటించేది మాత్రం బట్లరు. మంట లేచాక ఆవిడ ఆ గదిలో ఉండకూడదు. వెనక ఔట్‌హౌసులో పనివాళ్ళకి ఒక మట్టి కుంపటి, అందులో దొరల పొయ్యి నుంచి మిగిలిన బొగ్గులు. బూడిద పారేసేది కాదు. గిన్నెలు తోమడానికీ, చిక్కుడు పాదుకి పేను పడితే చల్లడానికీ ఇంటికి తెచ్చేది. ‘ఆ పొయ్యి ముందు ఎన్ని ఏళ్ళు కూర్చున్నానో, ఒక్కరోజు చలి కాచుకోలేదురా’ అని నవ్వుతూ చెప్పేది. మన గ్రూపులో ఒకరు ‘తెల్లవాళ్ళ గుర్తు మనకెందుకు సార్, మూసేయండి’ అని రాశారు కదా. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. కాని దాన్ని చూస్తే నాకు దొర గుర్తుకు రాడు, మోకాళ్ళ మీద కూర్చుని మసి గీకే అమ్మమ్మ గుర్తుకొస్తుంది.

ఇక మొహం మార్చడం. అది తప్పని నేననను. ఇంగ్లండులోనే ఈ పొయ్యి మొహం ఎన్నోసార్లు మారింది. పాలరాయి వచ్చింది, విక్టోరియా కాలంలో పోత ఇనుమూ రంగు టైల్సూ వచ్చాయి, 1930ల్లో మొత్తం టైల్సే. 1952 డిసెంబరులో లండన్‌ని పొగమంచు కమ్మి వేలమంది చనిపోయాక 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం తెచ్చారు. తర్వాత పొగ పొయ్యిలు తగ్గి గ్యాసువీ, కరెంటువీ వచ్చాయి. మన ఊళ్ళో ఇంకా ముందే మొదలైంది. శివనసముద్రం కరెంటు 1902లో కోలారు బంగారు గనులకీ 1905లో బెంగళూరుకీ వచ్చింది. నెమ్మదిగా ఎర్ర కడ్డీ హీటరు పొయ్యి ముందుకొచ్చి కూర్చుంది. 1947 తర్వాత దొరలు వెళ్ళారు, బంగళాలు మనవాళ్ళు కొన్నారు. పొయ్యి గూడు కొందరికి దేవుడి గూడయింది, కొందరికి చెప్పుల అలమర, కొందరికి టీవీ స్టాండు. మన హాలు పొయ్యి ముందు గోడని ఒక మూల గోరుతో గీకితే ఆకుపచ్చ ఆయిల్ పెయింటు, దాని కింద మీగడ రంగు, దాని కింద సున్నం కనిపించాయి. ఎల్‌ఈడీ దాని మీద ఇంకో పొర, అంతే.

నా అభ్యంతరం పైపొర మీద కాదు, కాంక్రీటు మీద. ఇది అనుభవంతో చెప్తున్నాను. సర్వీసులో ఉండగా ఒక పాత బంగళాలో నడిచే ఆఫీసులో కొన్నాళ్ళు కూర్చున్నాను, పేరు వద్దు. అక్కడ పొయ్యిని కింద ఇటుకలతో, పైన పొగగూడుని సిమెంటు బిళ్ళతో మూసేశారు. రెండు వానాకాలాలు గడిచేసరికి లోపల చిక్కిన చెమ్మకి బయటికి దారి లేక గోడ మీద పసుపు మరకలు, ఉప్పు పూత, పెచ్చులు. ఆ గోడకి ఆనించి పేర్చిన పాత పార్సిల్ రిజిస్టర్లు తడిసి అట్టలాగా అతుక్కుపోయాయి. వాటిని విడదీసి మళ్ళీ కాపీ రాసింది నేనే, మూడు నెలలు. సున్నంతో కట్టిన గోడ గాలి పీల్చాలి. సిమెంటు, ఆయిల్ పెయింటు దాని ముక్కు మూస్తాయి.

అందుకని కమిటీవారికి నా మనవి. పొగగూడు పైన నాలుగు ఇటుకలు నిలబెట్టి వాటి మీద కడప బండ వేయించండి, వాన పడదు, గాలి ఆడుతుంది. పావురాలు దూరకుండా చుట్టూ జాలీ. గొంతు జోలికి వెళ్ళొద్దు. ముందు మొహానికి గ్రానైట్ అతికించకుండా పాత పెయింటు గీకించి సున్నం వేయిస్తే ఖర్చు కూడా తక్కువే. ఎల్‌ఈడీ ముచ్చట ఉంటే పెట్టండి, స్క్రూలు విప్పితే ఊడి వచ్చే ఫ్రేములో పెట్టండి. టీవీ మాత్రం పక్క గోడకి. పొగదారి ఇటుకలు పాతవి, పెద్ద మేకులు కొడితే లోపలికి రాలతాయి. ఇంకొకటి, కుర్రవాళ్ళు సంక్రాంతికి ఇందులో భోగిమంట పెడదామని సరదాగా అన్నారు. దయచేసి వద్దు. లోపల ఏళ్ళ మసి, పక్షి గూళ్ళు ఉంటాయి, పొగదారి ఎక్కడ బీట వారిందో ఎవరూ చూడలేదు. తలుపులు మూసిన గదిలో ఆ పొగ ప్రాణాంతకం.

ఆదివారం మీటింగు పదకొండింటికి కదా. నేను పదింటికే వస్తాను, టార్చి తెస్తాను. ఎవరైనా ఒక నిచ్చెన తెస్తే పైకెక్కి పొగగూడు కూడా చూద్దాం. నా మోకాళ్ళు ఒప్పుకోవు, ఎక్కేది మీరే.