తిత్తి తోలు, డప్పు తోలు

చర్చి ఆర్గాన్ అంటే వరసలు వరసలుగా గొట్టాలు, పెద్ద గాలితిత్తి. జనగామ, మానుకోట, భూపాలపల్లి వాడల్లోని ప్రార్థనా మందిరాలకు అది ఎక్కడొస్తది! వచ్చింది హార్మోనియం. 1842లో పారిస్‌లో దెబాన్ పేటెంటు పొందిన ఈ వాయిద్యాన్ని కాళ్ళతో తొక్కాలి. 1875 ప్రాంతంలో కలకత్తా ద్వారకానాథ్ ఘోష్ దానికి చేతితిత్తి పెట్టాడు. నేలమీద కూర్చునే మనవాళ్ళకు అప్పుడే అందింది. గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని వెలివేసింది; 1971 దాకా ఎత్తెయ్యలేదు. మాల, మాదిగ సంఘాలు మాత్రం రాగతాళాల పేర్లతో అచ్చయిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను ఆ పెట్టెతోనే పాడాయి. పెట్టె పలకని గమకం గొంతు పలికింది. చిరిగిన తిత్తికి మా అయ్య తోలుముక్క అతికేవాడు. అదే తోలు డప్పుకు బిగిస్తే సంఘ పెద్దలు గడప దాటనియ్యలేదు.