బొమ్మ అచ్చుకెక్కిన దారి

తెలుగు ముద్రణ చరిత్రను చెప్పేవారు సాధారణంగా అక్షరాల పోతతో మొదలుపెట్టి పత్రికల స్థాపనతో ముగిస్తారు. చిత్రకారుడు వేసిన ఒక్క బొమ్మ వేల ప్రతులుగా పాఠకుడి చేతికి చేరేలోపు ఎందరు పనివాళ్లు దాన్ని అచ్చుకు అనువుగా మలిచారో, ఆ మలిచే పద్ధతి మారినప్పుడల్లా బొమ్మ తీరు ఎలా మారిందో ఆ చరిత్రలో చాలా తక్కువగా కనిపిస్తుంది. నేటి అచ్చాఫీసుల్లో వినిపించే రిజిస్టర్, స్క్రీన్, సెపరేషన్, బ్లీడ్ వంటి మాటల వెనుక ఆ పనివాళ్లు ఎదుర్కొన్న చిక్కులు ఉన్నాయి కాబట్టి, ఆ చిక్కులను వరుసగా చూసినప్పుడే ఆ మాటలు బాగా బోధపడతాయి.

రంగుల బొమ్మను సామాన్యుల ఇళ్ల గోడలకు చేర్చినది శిలాముద్రణ, అంటే లిథో. 18వ శతాబ్ది చివర బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ కనిపెట్టిన ఈ పద్ధతిలో సున్నపురాతి పలకమీద జిడ్డు సిరాతో బొమ్మ గీసి రాతిని నీటితో తడుపుతారు. జిడ్డున్న చోట సిరా అంటుతుంది, తడి ఉన్న చోట అంటదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన ప్రెస్సు, అది లోనావాలా దగ్గరి మళవలికి తరలిన తర్వాత కూడా, ఈ పద్ధతిలోనే పనిచేసింది. రంగుకొక రాయి కావాలి గనుక, తైలవర్ణ చిత్రంలో పసుపు ఎంత ఉందో, ఎరుపు ఎంత ఉందో కంటితోనే అంచనా కట్టి, ఒక్కొక్క రంగును ఒక్కొక్క రాతిమీద చుక్కలుచుక్కలుగా, అదీ కుడిఎడమలు తారుమారుగా, దింపగల నేర్పరులు అవసరమయ్యారు. రంగులను విడదీసే ఈ పనికే కలర్ సెపరేషన్ అని పేరు. అన్ని రాళ్లమీది బొమ్మ కాగితంపై ఒకే చోట పడడానికి అంచుల్లో పెట్టుకున్న గుర్తులు రిజిస్టర్ మార్కులు. అవి కాస్త తప్పినా లక్ష్మీదేవి పెదవి ఎరుపు గడ్డంమీదకు జారుతుంది. అగ్గిపెట్టెల లేబుళ్ల అవసరంతో శివకాశిలో పెరిగిన అచ్చుపని ఆ తర్వాత తెలుగు ఇళ్లకు క్యాలెండర్లను కూడా అందించింది.

ఫొటోలను అచ్చువేయడంలో చిక్కు వేరు. ఫొటోలో నలుపు నుంచి తెలుపుకు మెల్లగా మారే ఛాయలుంటాయి, అచ్చుయంత్రమేమో సిరా పెట్టగలదు, మానగలదు, అంతే. సన్నని గీతలు చెక్కి గాడుల్లో నల్లరంగు నింపిన రెండు అద్దాలను, గీతలు ఒకదానికొకటి అడ్డంగా పడేలా అతికించి కెమెరాలో ప్లేటుకు ముందు నిలిపితే, ఛాయలన్నీ చిన్నా పెద్దా చుక్కలుగా విడిపోతాయి. ఇదే హాఫ్‌టోన్, ఆ అద్దమే స్క్రీన్. కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్ ఈ విద్యను స్వయంగా సాధించి, దాని గణితంపై ఆయన రాసిన వ్యాసాలు ఇంగ్లండులోని పెన్రోజ్ వార్షిక సంచికల్లో వెలువడేటంత దూరం తీసుకువెళ్లారు. చుక్కలను రాగిరేకుమీదకు దింపి, మిగతా లోహాన్ని ఫెర్రిక్ క్లోరైడుతో తినిపించి, సీసపు అక్షరాల ఎత్తుకు సరిపోయేలా చెక్కదిమ్మెకు బిగిస్తే బ్లాక్ తయారవుతుంది. న్యూస్‌ప్రింట్‌కు అంగుళానికి 65 నుంచి 85 గీతల స్క్రీన్ సరిపోతే, నునుపైన ఆర్ట్ పేపర్‌కు 133 లేదా 150 వాడతారు. గరుకు కాగితానికి సన్నని స్క్రీన్ వాడితే చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసి బొమ్మ మసిబారుతుంది.

ఛాయలు లేని గీతల బొమ్మకు హాఫ్‌టోన్ అక్కర్లేదు, చవకైన జింకు లైన్ బ్లాక్ చాలు. ఈ సౌలభ్యం తెలుగు పత్రికా చిత్రకళను ఎంతగా తీర్చిదిద్దిందో గుర్తించవలసి ఉంది. అచ్చులో కావలసినదానికన్నా ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో పెద్దగా గీసి కెమెరాలో కుదిస్తే గీతలోని చిన్న వణుకులు మాయమవుతాయి; బ్లాక్ కెమెరా నీలాన్ని తెలుపుగానే చూస్తుంది కనుక లేత నీలం పెన్సిలుతో వేసుకున్న కొలతగీతలను చెరపనవసరం లేదు. బాపు గీతకు ఉన్న బిగువులో ఆయన ప్రతిభ ఎంత ఉందో లైన్ బ్లాకు క్రమశిక్షణ కూడా అంత ఉంది. 1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామకు వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాల సంగతి ఇందుకు భిన్నం. మృదువైన ఛాయలతో నిండిన ఆ రంగులు చెడకుండా అచ్చయ్యాయంటే అందులో సెపరేషన్ చేసినవారి పాలు చిన్నది కాదు.

1970, 80 దశకాల్లో తెలుగు పత్రికలు ఆఫ్‌సెట్‌కు మారాయి. ఇందులో బొమ్మ ప్లేటు నుంచి రబ్బరు దుప్పటిమీదకు, అక్కడి నుంచి కాగితంమీదకు పడుతుంది కాబట్టి ప్లేటుమీద తారుమారు చేయనక్కరలేదు. నీలి, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు రంగుల చుక్కల వరుసలను వేర్వేరు కోణాల్లో తిప్పి ఉంచుతారు, లేకపోతే మోయిరే అనే గళ్ల మరక తేలుతుంది. కాగితాల దొంతరను కోసే కత్తి వెంట్రుకవాసి పక్కకు జరిగినా అంచున తెల్లగీత మిగులుతుంది కాబట్టి బొమ్మను కోత గీత దాటి 3 మిల్లీమీటర్లు పొడిగిస్తారు. ఆ పొడిగింపే బ్లీడ్.

తర్వాత డీటీపీ వచ్చి, కంపోజిటరు, పేస్టప్ కళాకారుడు, కెమెరామన్ చేసిన పనులన్నీ ఒక్క కంప్యూటరు ముందు కూర్చున్న మనిషిమీద పడ్డాయి. పేజీమేకర్ సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ ఫాంట్లతో కూర్చిన పుటలను ట్రేసింగ్ కాగితంమీద లేజర్ ప్రింటు తీసి, నేరుగా ప్లేటు చేసిన పుస్తకాలు తెలుగులో కొల్లలుగా ఉన్నాయి. ఈ మార్పు సౌకర్యంతోపాటు కొత్త పొరపాట్లనూ తెచ్చింది. ఫాంటు ప్రెస్సులో లేకపోతే పుట మొత్తం అర్థంలేని గుర్తులవుతుంది కాబట్టి అక్షరాలను కర్వ్స్ చేసి, అంటే గీతలుగా మార్చి, పంపే అలవాటు వచ్చింది. ముదురు నాలుగురంగుల నేలమీద చిన్న తెల్ల అక్షరాలు పెడితే, రిజిస్టర్ ఏమాత్రం కదిలినా ముందుగా పూడుకుపోయేవి సన్నని వత్తులు, గుడులే. తెలుగు లిపి అట్టలు రూపొందించేవారు ఈ ఒక్క విషయంలో పాతతరం బ్లాక్‌మేకర్ల జాగ్రత్తను మరువకూడదు.

అచ్చయిన పత్రికలను గ్రంథాలయాలు కొంతవరకు భద్రపరిచాయి గాని, వాటిని సాధ్యం చేసిన జింకు బ్లాకులు, నీలి పెన్సిలు గుర్తులున్న అసలు బొమ్మలు, సెపరేషన్ ఫిల్ములు తుక్కుగా పోతున్నాయి. విశ్వవిద్యాలయాలు, పాత ప్రెస్సుల వారసులు వాటిని ఇప్పటికైనా సేకరించి, చేసినవారి పేర్లు తెలిసినంతవరకు రాసి ఉంచాలి.