బీజాపూర్ నుంచి వార్తలు: ముకేశ్ చంద్రాకర్ వృత్తి జీవితం – ఒక పరిశీలన

1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో శాంతి స్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివారు. టెలిప్రాంప్టర్ లేని రోజులవి. కాగితం మీదున్నదాన్ని మనసులో పెట్టుకుని, తలెత్తి, మనవైపు చూస్తూ చదివేవారు. ఆ చూపు మీద మనకు గురి కుదిరింది. అంతకు దాదాపు ముప్పై ఏళ్ల కిందట బ్రిటన్‌లో ముఖం చూపించడానికే జంకారు. 1954 జులై 5న బీబీసీ టీవీ వార్తలు మొదలైనప్పుడు రిచర్డ్ బేకర్ గొంతు మాత్రమే వినిపించింది. చదివేవారి ముఖకవళికలు వార్త నిష్పాక్షికతను చెడగొడతాయని అధికారుల భయం. మరుసటి ఏడాది కెన్నెత్ కెండల్ తెర మీదకు వచ్చాకే ఆ పట్టు సడలింది.

వార్తా వ్యాఖ్యాత వృత్తి జీవితాన్ని రాసేవాళ్లు సాధారణంగా ఈ స్టూడియో కుర్చీల చరిత్రే రాస్తారు. స్థానిక పత్రిక, ప్రాంతీయ రేడియో, ఆ తర్వాత జాతీయ తెర. ఇంగ్లండ్‌లో బీబీసీ వ్యాఖ్యాత జిల్ డాండో అలాగే ఎదిగారు. ఈ కొలబద్ద ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌కు సరిపోదని నా వాదన. అక్కడ కుర్చీ లేదు, మెట్లూ లేవు. నిలబడ్డ చోటే స్టూడియో. బీజాపూర్ జిల్లా పాత్రికేయుడు ముకేశ్ చంద్రాకర్ జీవితం దీనికి బలమైన ఉదాహరణ.

ముకేశ్‌ది బాసగూడ. తాలిపేరు ఒడ్డున ఉన్న ఊరు. ఆ నీళ్లే కిందికి దిగి మన చర్ల దగ్గర తాలిపేరు ప్రాజెక్టులో నిలిచి, గోదావరిలో కలుస్తాయి. తల్లి అంగన్‌వాడీ కార్యకర్త. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. చంద్రాకర్ కుటుంబమూ ఊరు వదిలి నిర్వాసితుల శిబిరం నీడకు చేరింది. తర్వాతి కాలంలో ఆయన వార్తల్లో కనిపించిన నిర్వాసితుల కథ, ముందుగా ఆయన ఇంటి కథే. ముకేశ్, అన్న యుకేశ్ ఇద్దరూ పాత్రికేయులయ్యారు.

ముకేశ్ స్ట్రింగర్‌గా పనిచేశారు. మన పత్రికల్లో కంట్రిబ్యూటర్ అంటామే, దాదాపు అలాంటిదే. స్ట్రింగర్‌కు నెల జీతం ఉండదు, వేసిన వార్తకు లెక్క. దృశ్యాలు, మాట్లాడినవారి బైట్లు పంపిస్తాడు. తెర మీద మాట్లాడేది రాజధానిలోని యాంకర్. అడవిలో నలభై కిలోమీటర్లు బైకు మీద వెళ్లొచ్చిన మనిషి పేరు ఒక్కోసారి కింద చిన్న అక్షరాల్లో పడుతుంది, ఒక్కోసారి అదీ పడదు. ఎన్‌డీటీవీ సహా హిందీ చానళ్లకు ముకేశ్ చేసిన పని ఈ వ్యవస్థలోనే సాగింది.

అందుకే యూట్యూబ్‌లో ఆయన నడిపిన ‘బస్తర్ జంక్షన్’ను చానల్ లేని మనిషి పెట్టుకున్న చిన్న వేదికగా తీసిపారేయకూడదు. స్ట్రింగర్ వ్యాఖ్యాత అయిన ఘట్టం అది. లోగో మీద తన పేరు, కెమెరా వైపు చూస్తూ చెప్పే పీటూసీలో తన ముఖం. ఏ వార్త ఎంతసేపు నడవాలో నిర్ణయం తనదే. చనిపోయేనాటికి లక్షన్నరకు పైగా చందాదారులు ఉన్నారు. స్టూడియో యాంకర్‌కు అక్కర్లేని మరో పని కూడా ఇక్కడి వ్యాఖ్యాత మీద పడుతుంది: గోండీలో చెప్పిన బాధను హిందీ తెలిసిన ప్రేక్షకుడికి చేరవేయడం. ఒక ముసలామె మాటలో ఏ ముక్క హిందీలోకి వస్తుందో, ఏది రాదో తేల్చే బాధ్యత ఆ బాట మీద నిలబడ్డవాడిదే. వృత్తిలో ఇంతకన్నా బరువైన పని ఉంటుందని నేననుకోను.

2021 ఏప్రిల్ 3న బీజాపూర్–సుక్మా సరిహద్దులో మావోయిస్టులతో జరిగిన ఎదురుకాల్పుల్లో 22 మంది జవాన్లు చనిపోయారు. సీఆర్‌పీఎఫ్ కోబ్రా దళానికి చెందిన రాకేశ్వర్ సింగ్ మన్హాస్ మావోయిస్టులకు చిక్కాడు. ఏప్రిల్ 8న అడవిలో జనం గుమిగూడి చూస్తుండగా, ముసుగు వేసుకున్న వ్యక్తి ఆ జవాను చేతుల తాడు విప్పుతున్న దృశ్యం దేశమంతా చూసింది. ఆయన్ను వెనక్కి తీసుకురావడానికి వెళ్లినవారిలో గాంధేయవాది ధరంపాల్ సైనీతో పాటు స్థానిక పాత్రికేయులున్నారు. ముకేశ్ వారిలో ఒకరు. ఏ స్టూడియో ముఖానికీ ఇలాంటి నమ్మకం దక్కదు. ఇరుపక్షాలూ ఎరిగిన ముఖం, ఊళ్లోవాళ్లు దారి విడిచే ముఖం కావాలి. అది ఏళ్ల తరబడి వెళ్లిరావడం వల్ల వచ్చేది.

ఆ ముఖమే ప్రమాదమూ అయింది. గంగలూరు వైపు నేలసనార్ రోడ్డు పనుల్లో అక్రమాలపై ముకేశ్ తోడ్పాటుతో తయారైన కథనాన్ని ఎన్‌డీటీవీ 2024 డిసెంబర్‌లో ప్రసారం చేసింది. కొత్తగా వేసిన రోడ్డు మీద గుంతలు, వాటి వెనక సుమారు 120 కోట్ల రూపాయల పని. విచారణ మొదలైంది. 2025 జనవరి 1 రాత్రి నుంచి ముకేశ్ కనిపించలేదు. అన్న ఫిర్యాదు చేశాడు. జనవరి 3న బీజాపూర్‌లో, ఆ రోడ్డు కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలో, కొత్తగా కాంక్రీటు పోసి మూసిన సెప్టిక్ ట్యాంకు పగలగొడితే శవం దొరికింది. ముప్పై ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. ప్రధాన నిందితుడిగా పోలీసులు చెప్పిన కాంట్రాక్టరు ముకేశ్‌కు దూరపు బంధువే. అతన్ని పట్టుకున్నది హైదరాబాద్‌లో. ఆ మార్చిలో ప్రత్యేక దర్యాప్తు బృందం అభియోగపత్రం వేసింది.

1999 ఏప్రిల్ 26న జిల్ డాండోను లండన్‌లో ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. ఎందుకో నేటికీ తేలలేదు. ముకేశ్ విషయంలో దర్యాప్తు వేలు చూపిస్తున్నది నేరుగా ఒక వార్తవైపు. ఈ తేడాను చిన్నదిగా చూడలేం.

బస్తర్‌లో పాత్రికేయుల చావుల ఈ వరుస ముకేశ్‌తో మొదలవలేదు. పాత్రికేయుడు సాయిరెడ్డిని 2008లో మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక భద్రతా చట్టం కింద పోలీసులు అరెస్టు చేశారు; 2013 డిసెంబర్ 6న మావోయిస్టులే ఆయన్ను చంపారు. ఒకే మనిషిని రెండు వైపులా అనుమానించారు. 2018 అక్టోబర్ 30న దంతెవాడ జిల్లా నీలవాయ దగ్గర దూరదర్శన్ కెమెరామన్ అచ్యుతానంద సాహు మావోయిస్టుల దాడిలో చనిపోయారు. 2023లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ మీడియావారి రక్షణకు బిల్లు ఆమోదించింది. ఏడాదిన్నర దాటాక ముకేశ్ శవం దొరికింది.

సాయిరెడ్డిని చంపింది బాసగూడ సంతలో. ముకేశ్ పుట్టిన ఊళ్లో. అప్పటికి ముకేశ్‌కు ఇరవై ఏళ్లు దాటాయి. తాలిపేరుకు ఇవతల, చర్లలోనో భద్రాచలంలోనో, అదే అడవి వార్తల కోసం లోగో పట్టుకుని బైకు తీసే తెలుగు కంట్రిబ్యూటర్లు ఇవాళా ఉన్నారు. వారి వృత్తి చరిత్రలు ఇంకా రాయాల్సే ఉన్నాయి.