ఫిజీ వనితల నెట్‌బాల్

కరీంనగరం, ఆదిలాబాదు బాలికలకు కబడ్డీ చిరపరిచితము. నెట్‌బాల్ మాత్రము కొత్త. జట్టునకు ఏడుగురు. బంతిని మూడు సెకండ్లకు మించి చేత నుంచుకొనరాదు, దానితో పరుగిడరాదు.

1903 నుండి మద్రాసు రేవు మీదుగా మన తెలుగు కూలీలును చెరకుతోటలకు చేరిన ఫిజీ దీవులలో ఇది వనితలకు ప్రియమైన ఆట. 2007 ప్రపంచ పోటీలు అక్కడనే జరుగవలసియుండెను. చిన్న దేశమునకు అది ఎంత గౌరవము! ఇంతలో 2006 డిసెంబరు 5న సైన్యము ప్రభుత్వమును కూలద్రోసినది. పోటీలు న్యూజిలాండులోని ఆక్లండునకు తరలినవి. ఇందు ఆ క్రీడాకారిణుల దోషమేమో మాకు తోచలేదు. 2007 నవంబరులో కప్పు ఆస్ట్రేలియాకు దక్కినది; తుది ఆటలో 42-38తో న్యూజిలాండు ఓడినది. ఆతిథ్యమీయవలసిన ఫిజీ వనితలు ఆ పోటీలలో అతిథులై ఆడిరి.